టేకు పలకల పక్కన ఏ నేల?

వనపర్తిలో మా మేనమామ ఇంటి మేడ మీద ముందుగదికి టేకు పలకల నేల ఉంది. తాతగారి కాలం నాటిది. ఒక్కో పలక జానెడు వెడల్పు. కింది నుంచి ఆ గదికి ఎక్కే మెట్లు కూడా టేకువే. నిరుడు ఆ గది వెనుక కొత్త స్లాబు వేసి మరో రెండు గదులు కట్టుకున్నారు. గోడలు లేచి సున్నాలు పడేదాకా అందరిదీ ఒకే మాట. నేల దగ్గరికి వచ్చేసరికి ఇల్లు రెండుగా చీలింది. ముందుగదితో కలిసిపోయేలా చెక్క రంగు టైల్స్ వేయాలని అత్తయ్య పట్టు. తాండూరు బండలు పరిస్తే మళ్లీ చూసుకోనక్కర్లేదని మామయ్య వాదన. "నువ్వు పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతావు కదరా, ఏది వేయాలో వచ్చి తేల్చు" అని ఫోను చేశారు.

అత్తయ్య ఎంచుకున్న టైలు ఒకటి అడిగి తెచ్చి పలకల మీద పెట్టాం. దుకాణంలోని దీపాల కింద, ఇంటి నుంచి పట్టుకెళ్లిన టేకు ముక్క పక్కన, అది అచ్చం అదే రంగు. పొద్దున పదకొండింటికి తూర్పు కిటికీ వెలుగులో చూస్తే టైలు గులాబీ ఛాయకు తిరిగింది, టేకు తేనె రంగులో నిలిచింది. రాత్రి గదిలో దీపం వేశాక రెండూ మళ్లీ దగ్గరయ్యాయి. "వేరే టైలు ఇచ్చి పంపాడేమోరా" అన్నారు అత్తయ్య, దాన్ని తిప్పి తిప్పి చూస్తూ.

టైలు అదే. మారింది వెలుగు. మన కంటిలో రంగును పసిగట్టే కణాలు మూడే రకాలు. ఏ వస్తువు నుంచి ఎలాంటి వెలుగు వచ్చినా కన్ను దాన్ని మూడు కొలతలుగా కుదించి మెదడుకు పంపుతుంది. టేకులోని సహజ పదార్థాలు వెలుగును ఒక తీరుగా, టైలు మీద అచ్చు వేసిన ఖనిజ రంగులు ఇంకో తీరుగా తిప్పి పంపుతాయి. ఒక దీపం కింద రెండింటి కొలతలూ కలవవచ్చు, దీపం మారగానే విడిపోతాయి. చీర మీదికి జాకెట్టు గుడ్డ కొనేటప్పుడు ఆడవాళ్లు రెండింటినీ పట్టుకుని దుకాణం మెట్ల దాకా వచ్చి ఎండలో చూస్తారు. అత్తయ్యా ఎన్నోసార్లు చూసే ఉంటారు. నేలకు మాత్రం ఆ జాగ్రత్త ఎవరికీ గుర్తుకు రాదు.

పైగా టేకు రంగు ఒకచోట నిలిచేది కాదు. అప్పుడే కోసిన టేకు పసుపు, ఆకుపచ్చ కలిసిన ఛాయలో, ముదురు చారలతో ఉంటుంది. వెలుగు తగిలేకొద్దీ ఆ చారలు అణిగి బంగారు గోధుమ రంగుకు వస్తుంది. ముందుగదిలో పాత బీరువాను జరిపిస్తే దాని కింద నలుచదరంగా వేరే రంగు బయటపడింది. ఏళ్ల తరబడి వెలుగు చూడని టేకు అది. టైలు అలా మారదు. ఈ రోజు రెండూ కలిసినా పదేళ్లకు కలిసి ఉండవు. ఇంకొక సంగతి, చెక్క అంటే సన్నని గొట్టాల్లాంటి నారపోగుల కట్ట. వెలుగు ఆ పోగుల పక్కల మీద పడి చెదురుతుంది కాబట్టి గుమ్మం నుంచి చూస్తే మెరిసిన పలకే కిటికీ వైపు నుంచి చూస్తే ముదురుగా కనిపిస్తుంది. అచ్చు వేసిన బొమ్మకు ఈ గుణం రాదు.

అందుకే దగ్గరి రంగు వెతకడం నాకు నచ్చదు. బాగా తేడా ఉన్న రెండు రంగులను కన్ను రెండుగా ఒప్పుకుంటుంది. పక్కపక్కనే ఉండి కొంచెమే తేడా ఉంటే, ఆ అంచునే పట్టుకుని వేలాడుతుంది. మా వైపు గద్వాల చీరను చూడండి. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు వేర్వేరు పోగులను కలిపి నేసిన ఆ చీరలో అంచు రంగును ఒంటి రంగులో దాచాలని నేతగాడు అనుకోడు. ఎదురు రంగే వేస్తాడు.

రంగు సంగతి అలా ఉంచితే, పలకల మధ్య సందులు నాకు ఎక్కువ ఇష్టమైన విషయం. ఏప్రిల్‌లో నేను వెళ్లినప్పుడు రూపాయి బిళ్లను నిలబెట్టి పలకల సందులో దూర్చి చూశాను, సులువుగా దూరింది. వానాకాలంలో దూరదని మామయ్యకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కారణం గాలిలో తేమ. మన వైపు వేసవి మధ్యాహ్నాల్లో సాపేక్ష ఆర్ద్రత, అంటే గాలి పట్టుకోగలిగిన తేమలో నిజంగా ఉన్న పాలు, 30 శాతానికి అటూ ఇటూ ఉంటుంది. వానాకాలంలో 70, 80 శాతానికి ఎక్కుతుంది. చెక్క ఆ తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, వదిలేసి ముడుచుకుంటుంది. పొడవులో మార్పు లెక్కలోకి రాదు, వెడల్పులోనే ఆట అంతా. మొద్దులోని వలయాలు పలక ముఖానికి సమాంతరంగా పడేలా కోసిన టేకులో, గాలిలో కాదు, చెక్కలోనే ఉన్న తేమ ఒక శాతం మారితే వెడల్పు సుమారు 0.19 శాతం మారుతుంది. జానెడు అంటే 22 సెంటీమీటర్లు అనుకుని, చెక్కలోని తేమ 5 శాతం మారిందనుకుంటే పలక రెండు మిల్లీమీటర్లు కదిలినట్టు. మొద్దు మధ్య నుంచి బయటికి చీల్చినట్టుగా కోసిన పలకైతే అందులో సగమే కదులుతుంది. కొత్త టేకు కొనేవాళ్లు పలక అడ్డకోతను చూసి, వలయాలు నిలువుగా ఉన్నవాటిని ఏరుకోవాలి. ఆ ఏరుకోవడంలోనే చేవను, అంటే మొద్దు లోపలి ముదురు చెక్కను కూడా చూడవచ్చు. చెదలను ఆపే టెక్టోక్వినోన్ అనే పదార్థం ఉండేది ముదురు చేవలోనే, బయటి లేత చెక్కకు ఆ రక్ష లేదు.

ఇక మామయ్య బండలు. రాయి చల్లగా ఉంటుందని ఆయన నమ్మకం. కింది అంతస్తులో అది నిజం, ఎందుకంటే అక్కడ బండ కింద భూమి ఉంది. కొన్ని మీటర్ల లోతున మన ప్రాంతపు భూమి ఏడాది పొడవునా 27, 28 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మేడ మీద బండ కింద ఉన్నది స్లాబు, తల మీద ఉన్నది మే నెల ఎండకు కాగిన ఇంకో స్లాబు.

పాదానికి తగిలే చల్లదనం, వేడి నేల ఉష్ణోగ్రత ఒక్కదాని మీదే ఆధారపడవు. ఉష్ణవాహకత (వేడి ఎంత సులువుగా పారుతుందో), సాంద్రత, విశిష్టోష్ణం (ఒక కిలో ఒక డిగ్రీ వేడెక్కడానికి పట్టే వేడి) మూడింటినీ హెచ్చించి వర్గమూలం తీస్తే వచ్చే సంఖ్య ఎంత పెద్దదైతే ఆ పదార్థం అంత వేగంగా చర్మం నుంచి వేడిని లాగుతుంది, లేదా చర్మానికి ఇస్తుంది. చెక్కకు ఆ సంఖ్య నాలుగైదు వందలు, గట్టి రాయికి రెండు వేలకు పైన. చలికాలం ఉదయం నేల 24 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం, పాదం చర్మం 33. లెక్క కడితే చెక్క మీద పాదం తగిలిన చోట 30 డిగ్రీలు నిలుస్తాయి, రాయి మీద 27కు పడిపోతాయి. ఇప్పుడు వేసవి సాయంత్రానికి రండి. పై గది నేల 38కి కాగితే చెక్క మీద పాదానికి 34 తెలుస్తుంది, రాయి మీద 36 దాటుతుంది. అంటే మేడ మీద రాయి రెండు కాలాల్లోనూ చెక్క కంటే గట్టిగా మాట్లాడుతుంది. "మరి బండలు వద్దంటావా?" అన్నారు మామయ్య, కొంచెం చిన్నబోయి. వద్దనలేదు. ముందు పైకప్పుకు తెల్ల పూత వేయించమన్నాను. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది కూడా ఇందుకే. ఎండను పైననే తిప్పి పంపితే కింద ఏ నేలైనా తట్టుకుంటుంది.

వినైల్ పలకల గురించీ అడిగారు. ఇప్పుడు అమ్ముతున్న గట్టి రకంలో ఎక్కువ పాలు సున్నపురాయి పొడి, మిగతాది ప్లాస్టిక్. తాండూరు బండా సున్నపురాయే కాబట్టి ఇద్దరూ దూరపు చుట్టాలు. బరువు తక్కువ, అతికించకుండా ఒకదానికొకటి తగిలించి పరవచ్చు, కింద పలుచని ఫోము ఉంటే అడుగుల చప్పుడు కింది గదిలోకి అంతగా దిగదు. కానీ వెనుకగదికి పడమటి కిటికీ ఉంది. ఎండ నేరుగా పడే చోట ప్లాస్టిక్ సాగి పలకలు పైకి లేచే ప్రమాదం ఉంటుంది. అక్కడ నేను ఒప్పుకోలేదు.

బరువు సంగతి మాత్రం ఇంజనీరును అడగకుండా వదలకండి. 20 మిల్లీమీటర్ల బండ, దాని కింద నాలుగైదు సెంటీమీటర్ల సిమెంటు కలిపితే చదరపు మీటరుకు సుమారు 140 కిలోలు. ఇళ్లలో మనుషులకూ సామానుకూ కలిపి లెక్కలో వేసుకునే భారమే చదరపు మీటరుకు 200 కిలోలు. కొత్త స్లాబుకు ఇది ముందే లెక్కలో ఉంది. పాత ముందుగది దూలాల మీద నిలిచింది. ఆ పలకల మీద కూడా బండలు పరిచేస్తే మొత్తం ఒకటే నేల అవుతుంది కదా అని పొరుగాయన సలహా ఇచ్చినప్పుడు నాకు నిజంగా భయమేసింది.

చివరికి కొత్త గదులు రెండింటికీ తాండూరు నీలం బండలు వేశారు. నీలం అంటారు గానీ, అది బూడిద రంగులో నీలి ఛాయ. టేకు తేనె రంగుకు పూర్తిగా దూరం. అద్దంలా మెరిసే పాలిష్ వద్దని చెప్పాను. పిల్లలు ఆడుకునే వెనుకగదిలో జంపఖానా పరిచారు. అడుగుల చప్పుడుకూ చలికాలపు చల్లదనానికీ అదే మందు.

చెక్కా రాయీ కలిసే గుమ్మం దగ్గర మేస్త్రీ రెండింటినీ ఆనించి సిమెంటుతో పూడ్చబోయాడు. ఆపించాను. పాత ఇళ్లలో ఆ చోట గడప ఉండేది. ఇక్కడ నాలుగు అంగుళాల నల్లరాయి పట్టీ వేయించి, పట్టీకీ చివరి టేకు పలకకూ మధ్య సందు వదిలించాం. అత్తయ్యకు ఆ సందు మొదట నచ్చలేదు, దుమ్ము చేరుతుందన్నారు. ఆగస్టులో నాలుగు రోజులు విడవకుండా ముసురు పట్టినప్పుడు ఆవిడే ఫోను చేశారు. రూపాయి బిళ్ల పలకల మధ్య ఎక్కడా దూరడం లేదట. నల్లరాయి పట్టీ పక్కన మాత్రం ఇంకా దూరుతోందట.