హైదరాబాద్ విమానం ఏలూరు వైపు ఎందుకు లేచింది?

మొన్న జనవరిలో పెద్దమ్మను గుంటూరు నుంచి హైదరాబాద్ తీసుకెళ్లాను. ఆవిడకి అదే మొదటి విమానం. కుడివైపు కిటికీ సీటు ఇచ్చారు. ఉదయం పూట గన్నవరంలో విమానం ఇలా లేచిందో లేదో, "ఏరా, ఎండ మొహాన కొడుతోంది. ఇది ఏలూరు వైపు పోతోంది కదా, హైదరాబాద్ ఇటెందుకు ఉంటుంది?" అంది.

ఆ ప్రశ్న నాకు భలే నచ్చింది. గన్నవరం నుంచి శంషాబాద్‌కి తిన్నగా గీత గీస్తే సుమారు 264 కిలోమీటర్లు. ఈ దారిలో తిరిగే ఏటీఆర్ 72 లాంటి ఫ్యాన్ల విమానం పైకెళ్లాక గంటకు 500 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతుంది. లెక్కేస్తే అరగంట ప్రయాణం. టికెట్టు మీద మాత్రం గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటుంది.

టికెట్టు మీద ఉండేది గాల్లో ఉన్న సమయం ఒక్కటే కాదు. విమానం నిలిపిన చోటు నుంచి కదిలినప్పుడు మొదలై, అవతల నిలిపాక ముగుస్తుంది. రన్‌వే దాకా నడక, అక్కడ వంతు కోసం ఆగడం, దిగాక మళ్లీ నడక, అన్నీ అందులోవే. పైగా ఆ 500 వేగం నడిమధ్యన మాత్రమే. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వేగం తక్కువ. ఇంత దగ్గరి దారిలో ఎక్కడం అయ్యిందనుకునేలోపే దిగడం మొదలవుతుంది.

ఇక పెద్దమ్మ ప్రశ్న. రెక్కను పైకి లేపేది నేల మీది వేగం కాదు, రెక్క మీదుగా పారే గాలి వేగం. లేవడానికి గంటకు 200 కిలోమీటర్లు కావాలనుకుందాం. ఎదురుగాలి 20 ఉంటే నేల మీద 180 చాలు. వెనక నుంచి వీస్తే 220 దాకా పరుగెత్తాలి. అందుకే లేవడమైనా దిగడమైనా గాలికి ఎదురుగానే. గన్నవరం రన్‌వే ఒక కొసకు 08, రెండో కొసకు 26 అని పేరు. అంటే ఉత్తరం నుంచి లెక్కిస్తే 80 డిగ్రీలు, 260 డిగ్రీలు. దాదాపు తూర్పు, పడమర. శంషాబాద్ రన్‌వేలూ తూర్పు పడమరలే.

ఆ రోజు తూర్పుగాలి. అందుకే హైదరాబాద్‌కి వీపు పెట్టి లేచి, తర్వాత వెనక్కి తిరిగాం. అక్కడా అంతే: శంషాబాద్‌ను దాటి పడమరకి పోయి, మళ్లీ తూర్పుకి తిరిగి దిగాం. గుంటూరులో వేసవిలో మొహం మాడ్చే పడమటి గాలి ఉన్న రోజైతే ఈ రెండు మలుపులూ తప్పుతాయి. తిన్నగా లేచి తిన్నగా దిగవచ్చు. కానీ దారంతా ఎదురుగాలైతే ఆ లాభం కొంత పోతుంది. గంటకు 50 కిలోమీటర్ల ఎదురుగాలికి ఈ దూరంలో మూడు నిమిషాలకు పైగా ఖర్చు. మండుటెండలో గాలి పలచబడి రెక్కకు పట్టు తగ్గుతుంది, పరుగు పెరుగుతుంది, ఎక్కడం నెమ్మదిస్తుంది.

ఇదంతా చెబితే పెద్దమ్మ శ్రద్ధగా విన్నది. నాలుగు రోజుల తర్వాత తిరుగు ప్రయాణం, సాయంత్రం విమానం. శంషాబాద్‌లో లేవగానే కిటికీలోంచి తొంగి చూసి, "పొద్దు వెనకపడింది. ఈసారి తిన్నగా మన ఊరికే" అని సీటుకి చేరగిలబడింది.