తీగలు అవే, ట్రాన్స్‌మిటర్ మారింది

చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి సీజన్ వచ్చిందంటే పల్ప్ ఫ్యాక్టరీల్లో అందరి కళ్లూ ఉష్ణోగ్రత మీదే. గుజ్జు చాలినంత వేడెక్కకపోతే సూక్ష్మజీవులు బతికిపోతాయి. మరీ కాగితే రంగూ రుచీ చెడతాయి. ఆ వేడిని కంట్రోల్ రూమ్‌కి చేరవేసే ట్రాన్స్‌మిటర్ ఇప్పుడు అరచేతిలో ఇమిడే బిళ్ళ. చెడితే విప్పి బాగుచేయడం ఉండదు, తీసి కొత్తది పెట్టడమే.

ఒకప్పుడు ఈ కబురు మోసింది గాలి. సన్నని గొట్టాల్లో 3 నుంచి 15 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడే సంకేతం. తర్వాత కరెంటు వచ్చింది. 1970ల నాటికి 4–20 మిల్లీఆంప్ పద్ధతి ప్రమాణంగా స్థిరపడింది: కనిష్ఠ రీడింగుకు 4, గరిష్ఠానికి 20. రేంజి 0 నుంచి 150 డిగ్రీలైతే, 90 డిగ్రీలకు ఆ తీగల వలయంలో (లూపులో) 13.6 మిల్లీఆంప్ పారుతుంది. సున్నా కాకుండా 4 దగ్గర మొదలుపెట్టడంలోనే తెలివి ఉంది. తీగ తెగితే కరెంటు సున్నాకు పడిపోతుంది, లోపం వెంటనే తెలిసిపోతుంది. పైగా ట్రాన్స్‌మిటర్ బతికేదీ ఆ రెండు తీగల మీద వచ్చే కరెంటుతోనే.

అసలు ఇబ్బంది ఇక్కడే. కనిష్ఠ రీడింగు దగ్గర దొరికేది 4 మిల్లీఆంపే కాబట్టి లోపలి సర్క్యూటంతా అంతకన్నా తక్కువతో నడవాలి. చిప్పులు చిన్నవై, కరెంటు వాడకం తగ్గాకే మైక్రోప్రాసెసర్ అందులోకి వెళ్లగలిగింది. 1983లో హనీవెల్ కంపెనీ స్మార్ట్ ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ తెచ్చింది. అదే దశాబ్దంలో రోజ్‌మౌంట్ కంపెనీ, పాత తీగల మీదే డిజిటల్ సమాచారం కూడా పంపే హార్ట్ పద్ధతిని రూపొందించింది. డిజిటల్ అంకెల్లో ఒకటికి 1200 హెర్ట్జ్, సున్నాకు 2200 హెర్ట్జ్. ఈ రెండు స్వరాలూ అదే తీగ మీద, అదే కరెంటుపైన ప్రయాణిస్తాయి. వాటి సగటు సున్నా కావడంతో అసలు రీడింగు చెదరదు. కొత్త కేబుల్ లాగక్కర్లేదు. ఇంతకన్నా పొదుపైన ఆలోచన ఈ రంగంలో మరొకటి నాకు కనిపించదు.

2007లో తీగల్లేని వైర్‌లెస్ హార్ట్, 2021లో రెండు తీగల మీదే ఈథర్నెట్ నడిపే ఈథర్నెట్ ఏపీఎల్ వచ్చాయి. అయినా 4–20 ఇంకా పోలేదు.

హార్ట్ సంకేతాలు చదవలేని పాత కంట్రోల్ ప్యానెల్ ఉన్నచోట మాత్రం ఆ మిల్లీఆంపు అంకె తప్ప ఇంకేదీ చేరదు. సెన్సర్ తీగ తెగిందనో, రేంజి తప్పుగా పెట్టారనో ట్రాన్స్‌మిటర్ చెబుతున్నా వినే పరికరం ఉండదు. వెనుకటి మెకానిక్‌లు స్క్రూడ్రైవర్‌తో జీరో (రేంజి మొదలు), స్పాన్ (రేంజి వెడల్పు) సరిచేసేవాళ్లు. ఆ నేర్పుకు బదులు ఇప్పుడు హార్ట్ కమ్యూనికేటర్ (తీగలకు తగిలించి ట్రాన్స్‌మిటర్‌తో మాట్లాడే చేతి పరికరం) వాడకం రావాలి. మన ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలకు దాన్ని చేతికిచ్చి నేర్పించాలి. కాయ దిగకముందే ఒక్కో ట్రాన్స్‌మిటర్‌కీ తగిలించి చూసుకుంటే, సీజన్ మధ్యలో లైను ఆపే టెన్షన్ చాలావరకు తప్పుతుంది.