పొలం బొమ్మలో ఎవరు ఎక్కడ ఉన్నారు? అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడిలో పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పుతాను. నేను వేసేవి ఎక్కువగా మహేంద్రతనయ ఏటి ఒడ్డు పొలాలే. వాటి గురించి తరచుగా వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ప్రకృతి దృశ్యమంటే కొండ, ఏరు, చెట్టు. భూమి ఎవరిది, కష్టం ఎవరిది అన్న ప్రశ్నకు అక్కడ చోటు లేదు.

వాస్తవం: ఇంగ్లిష్ చిత్రకారుడు గెయిన్స్‌బరో సుమారు 1750లో వేసిన ఆండ్రూస్ దంపతుల చిత్రం చూడండి. ఎడమవైపు భార్యాభర్తలు, మిగిలినదంతా వారి భూమి. కుడి మూలన కోసి కట్టిన గోధుమ పనలున్నాయి. కోసినవాళ్లు ఒక్కరూ లేరు. పన కనబడితే దాన్ని కట్టిన చెయ్యి ఎక్కడుందో వెతకమని మా పిల్లలకు చెబుతాను.

అపోహ: పనివాళ్లను చిన్నగా వేసేది దూరం తెలియడానికే.

వాస్తవం: దూరం తెలుస్తుంది, నిజమే. కానీ ఎవరిని దూరంగా ఉంచాలో ఎంచుకునేది చిత్రకారుడే. మరో ఇంగ్లిష్ చిత్రకారుడు కాన్‌స్టబుల్ 1821లో వేసిన ‘హే వెయిన్’ (గడ్డి బండి) చిత్రంలో గడ్డి కోసేవాళ్లు కుడివైపు మైదానం చివర చిన్న చుక్కలు. ఆయన మిల్లు యజమాని కొడుకు. ఆ చిత్రం వేసింది కూడా ఏటి ఒడ్డున కాదు, లండన్ స్టూడియోలో. 1857లో ఫ్రెంచ్ చిత్రకారుడు మిల్లే ఈ వరసను తిరగేశాడు. పరిగె, అంటే కోతయ్యాక పొలంలో రాలిన వెన్నులు, ఏరుకునే ముగ్గురు ఆడవాళ్లు ముందుకొచ్చారు, పెద్దగా. కుప్పలు, బండి, గుర్రం మీద అజమాయిషీ చేసే మనిషి వెనక్కి పోయారు. పంటంతా అక్కడ, వీళ్ల చేతుల్లో గుప్పెడు వెన్నులు. పేదవాళ్లకు అంత చోటివ్వడం అప్పటి విమర్శకుల్లో కొందరికి కంటగింపైంది. మా పిల్లలకైతే ఆ మాట వివరించనక్కరలేదు. వాళ్ల అమ్మమ్మలు ఏరుకున్నవారే.

అపోహ: ఉన్నది ఉన్నట్టు వేస్తే ఎవరి పక్షమూ వహించినట్టు కాదు.

వాస్తవం: నేనూ చాలాకాలం అలాగే నమ్మాను. ఊడ్పులను రోడ్డు మీద నిలబడి వేసేవాణ్ణి. ఒకసారి నారు మోస్తున్న ఒకావిడ ఆగి బొమ్మ చూసి, “మా నడుములే వేశారు బాబూ, ముఖాలు లేవు” అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. రోడ్డు పొలానికన్నా ఎత్తు. అక్కడ నిలబడితే కంటిమట్టం పైకి పోతుంది, పొలంలోని మనుషులంతా దిగంతరేఖ కిందే ఉండిపోతారు, మట్టిలో కలిసిన రంగుల్లా. కామందు గట్టు మీద గొడుగు వేసుకుని చూసే చూపు అదే. మర్నాడు మడి గట్టు మీద కూర్చున్నాను. నారు కట్ట అందుకోవడానికి ఆవిడ నడుమెత్తినప్పుడు తల రేఖ దాటి ఆకాశంలోకి వచ్చింది, మహేంద్రగిరి పక్కకు. పొలం అదే, వాన అదే.

అపోహ: కష్టజీవిని వేయాలంటే వంగిన నడుమే వేయాలి.

వాస్తవం: చిత్రకారుడు బ్రూగెల్ 1565లోనే కోతగాళ్లను చెట్టు కింద కూర్చోబెట్టి అన్నం తినిపించాడు. ఒకడు కాళ్లు బారజాపి నిద్రపోతున్నాడు కూడా. మొన్న ఒక పాప ఊడ్పుల బొమ్మ వేసింది. మడిలో ఎవరూ లేరు. తాటిచెట్టు కింద వానకు కప్పుకునే గిడుగులు బోర్లించి ఉన్నాయి, చుట్టూ ఆడవాళ్లు అంబలి తాగుతున్నారు. గోడకు అదే పెట్టాను.