కలలో ఎరుక, కలపై పట్టు: అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో నిద్ర సమస్యలతో వచ్చేవారికి కౌన్సెలింగ్ ఇచ్చే సైకాలజిస్టుగా పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. పీడకలలతో నలిగిపోతున్నవారికి, కల నడుస్తుండగానే ‘ఇది కల’ అని గుర్తించడం, ఆ తరువాత ఆ కలలో కొంత పట్టు సంపాదించడం నేర్పడం నా పనిలో ఒక భాగం. లూసిడ్ డ్రీమ్ అని అందరూ పిలుస్తున్న దానిని నా దగ్గరికి వచ్చేవారితో నేను ‘ఎరుక కల’ అంటాను. ఈ మధ్య ఫోనులో వీడియోలు చూసి సొంతంగా సాధన మొదలుపెట్టి, నెల తిరగకముందే నిరాశపడి వచ్చే యువకులు ఎక్కువయ్యారు. “కల అని తెలస్తా ఉంది మేడం, కానీ నేను అనుకున్నట్టు ఏదీ జరగడం లే” అన్నది వారందరి మాట. ఆ నిరాశకు కారణం వారి చేతగానితనం కాదని, మొదట్లోనే మనసులో పడిపోయిన కొన్ని అపోహలని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అపోహ: కల అని తెలిసిన మరుక్షణం కల మొత్తం మన చేతిలోకి వస్తుంది.

ఎరుక వేరు, పట్టు వేరు. 2013లో జర్మనీకి చెందిన ఉర్సులా ఫాస్ బృందం కలలోని చైతన్యాన్ని కొలవడానికి ఎనిమిది అంశాలతో ఒక ప్రశ్నావళిని రూపొందించినప్పుడు, ‘ఇది కల’ అన్న గ్రహింపును ఒక అంశంగా, కలను నడిపించగలగడాన్ని మరొక అంశంగా విడివిడిగానే లెక్కించింది. మొదటిది పూర్తిగా ఉండి రెండవది అసలే లేని కలలు ఎన్నో ఉంటాయి.

పైగా ఎరుక కూడా ఒక్కసారిగా పూర్తిగా వచ్చేది కాదు. విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఒక అమ్మాయి తన మొదటి ఎరుక కల గురించి చెప్పిన మాట నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. పరీక్ష హాలులో కూర్చుని ఉంది. ప్రశ్నపత్రంలో అక్షరాలు కదలిపోతుంటే ఇది కల అని స్పష్టంగా తెలిసింది. అయినా, లేచి వెళితే ఇన్విజిలేటరు తిడతాడేమోనని గంట కొట్టేదాకా అక్కడే కూర్చుంది. కల అని తెలిసింది గానీ, కలలోని ఇన్విజిలేటరు తననేమీ చేయలేడన్న దాకా ఆ తెలివిడి వెళ్లలేదు. కాబట్టి పట్టు కావాలనుకునేవారు ముందుగా ఎరుకను లోతు చేసుకోవాలి. కల అని తెలిసిన వెంటనే ఎగరడానికి ప్రయత్నించకుండా, ‘నా శరీరం ఇంట్లో మంచం మీద ఉంది, ఇక్కడ నాకు దెబ్బ తగలదు, ఇక్కడి వారికి నేను జవాబు చెప్పుకోనక్కరలేదు’ అని మూడు విషయాలను కలలోనే తలచుకోమని నేను చెబుతాను. అలా తలచుకున్నాక అదే అమ్మాయి మరొక కలలో హాలు నుంచి మామూలుగా నడిచి బయటికి వచ్చేసింది.

అపోహ: సంకల్పం ఎంత గట్టిగా ఉంటే పట్టు అంత పెరుగుతుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే, అందుకే దీని గురించి వివరంగా చెబుతాను.

బైరాగిపట్టెడలో ఉండే ఒక యువకుడికి చిన్నప్పుడు కుక్క కరిచింది. ఆ తరువాత ఏళ్ల తరబడి, సందులో నల్లకుక్క తరిమే కల అతనికి వారానికి రెండు మూడుసార్లు వచ్చేది. రెండు నెలల సాధన తరువాత ఒక తెల్లవారుజామున, పరుగెత్తుతూ ఉండగానే అది కల అని గుర్తుపట్టాడు. ఆగి, వెనక్కి తిరిగి, ఉన్న బలమంతా గొంతులోకి తెచ్చుకుని పొమ్మని అరిచాడు. “నేను పో అంటే ఇంకో రెండు వచ్చినాయి మేడం” అన్నాడు, చెబుతున్నప్పుడు కూడా చేతులు వణుకుతూ.

ఎందుకలా జరిగిందో అతనికి వివరించాను. మేలుకుని ఉన్నప్పుడు కళ్లు, చెవులు బయటినుంచి సమాచారాన్ని అందిస్తుంటాయి, మన ఊహ తప్పయితే అవి సరిదిద్దుతాయి. కలలో ఆ సరిదిద్దేది దాదాపుగా ఉండదు కాబట్టి, జ్ఞాపకాలు, భావోద్వేగాలు, ‘తరువాత ఇది జరుగుతుంది’ అన్న అంచనా కలిసి దృశ్యాన్ని అల్లుతాయి. అతని నోరు పొమ్మన్నా, లోపలి అంచనా మాత్రం ‘ఇది పోదు, మీద పడుతుంది’ అనే చెబుతోంది, కల ఆ అంచనానే అనుసరించింది. అరుపులోని బలం నిజానికి భయానిది.

తరువాతి మూడు వారాలు మేము ఆ కలను మెలకువలోనే తిరగరాశాం. కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని, ఆ సందును, పక్కనున్న కొళాయిని, కుక్క రొప్పును తలచుకుంటూ, పరుగు ఆపి గొంతుక్కూర్చుని చేయి చాచడాన్ని రోజుకు పది నిమిషాలు అభ్యాసం చేశాడు. పీడకలలకు ఇమేజరీ రిహార్సల్ అనే చికిత్స పద్ధతి ఇదే. 2001లో బారీ క్రాకో బృందం దీని ఫలితాలను అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ప్రచురించింది. ఆ కల మళ్లీ వచ్చినప్పుడు అతను గొంతుక్కూర్చుని, “ఎందుకొస్తావు నా ఎనకాల?” అని అడిగాడు. కుక్క దగ్గరికి వచ్చి, అతని అరచేతిని వాసన చూసి, అక్కడే పడుకుంది.

అందుచేత కలలో ఏదైనా కావాలంటే ఆజ్ఞాపించడం కంటే, అది సహజంగా ఉండే చోటికి వెళ్లి ఎదురుచూడటం మేలు. చనిపోయిన అవ్వను చూడాలనుకునేవారు ఖాళీ గదిలో నిలబడి రమ్మని పిలిస్తే ఆమె రాకపోవచ్చు. వంటింటి తలుపు ముందు నిలబడి, లోపల అవ్వ తెడ్డుతో రాగి సంగటి గెలుకుతున్న చప్పుడును తలచుకుని, ఆపైన తలుపు తీయాలి. తలుపు, మలుపు, వీపు వెనుక భాగం, అంటే ఇంకా కంటికి కనబడని చోట్లన్నీ కలలో మార్పుకు అనువైనవి, ఎందుకంటే అక్కడ మన అంచనాకు ఎదురుగా కాదనే దృశ్యం ఏదీ ఉండదు.

ఎగరడం కూడా అంతే. ప్రతి నెలా అలిపిరి మెట్ల దారిన కొండకు నడిచే ఒకామెకు కలలో కూడా ఆ మెట్లే వచ్చేవి. నిలుచున్న చోటినుంచి పైకి లేవాలని ఆమె ఎన్నిసార్లు ప్రయత్నించినా పాదాలు కదిలేవి కావు. దిగేటప్పుడు రెండేసి మెట్లు దాటమని, తరువాత నాలుగు, తరువాత పది దాటమని చెప్పాను. శరీరానికి తెలిసిన కదలికను కొంచెం కొంచెంగా సాగదీస్తే మనసు అడ్డు చెప్పదు. మూడవ కలలో ఆమె గాలిగోపురం దగ్గర బయలుదేరి, అడుగు మోపకుండానే దిగివచ్చింది.

అపోహ: గిల్లుకుంటే కలో నిజమో తెలిసిపోతుంది.

తెలియదు. కలలో గిల్లుకున్నా నొప్పి పుట్టవచ్చు. ముక్కు రంధ్రాలు రెండూ మూసి, నోరు కూడా మూసి ఊపిరి పీల్చి చూడటం ఇంకా నమ్మదగిన పరీక్ష. కలలో అయితే సాధారణంగా ఊపిరి ఆడుతూనే ఉంటుంది. రాసి ఉన్నదాన్ని రెండుసార్లు చదవడం మరొకటి. బస్సు బోర్డు మీద ‘రేణిగుంట’ అని చదివి, చూపు తిప్పి మళ్లీ చూస్తే కలలో తరచుగా మరేదో అక్షరం కనబడుతుంది. పగటి అలవాటు కలలోకీ వస్తుంది కాబట్టి ఈ పరీక్షలను మెలకువలోనే సాధన చేయాలి. అయితే యాంత్రికంగా ముప్పైసార్లు చేసేకంటే, నిజంగా సందేహించి ఐదుసార్లు చేయడమే ఉపయోగకరం.

అపోహ: కల అని తెలిస్తే వెంటనే మెలకువ వచ్చేస్తుంది, దానిని ఆపలేము.

కొత్తవారికి మెలకువ వచ్చే మాట నిజమే, కానీ దానిని చాలావరకు నిలువరించవచ్చు. సంతోషంతో గుండె వేగం పెరిగిన ఆ మొదటి క్షణాల్లో ఏ లక్ష్యం వైపూ పరుగెత్తకూడదు. రెండు అరచేతులను గట్టిగా రుద్దుకుంటూ ఆ వేడిని గమనించాలి, గోడను తాకి గరుకుదనం చూడాలి, చూపును ఒకేచోట గుచ్చి నిలపకుండా నెమ్మదిగా కదుపుతూ ఉండాలి. కల మసకబారుతుంటే ఉన్నచోటనే గుండ్రంగా తిరగమని స్టాన్‌ఫోర్డ్ పరిశోధకుడు స్టీఫెన్ లబెర్జ్ సూచించారు. ఆయన వివరణ ప్రకారం, కలలోని శరీరపు స్పర్శతో మెదడు నిండి ఉన్నంతసేపు మంచం మీది శరీరపు స్పర్శకు చోటు తక్కువ. కాలం మాట కూడా ఇక్కడే చెప్పాలి. కలలో ఒక నిమిషంలో ఒక జీవితం గడిచిపోతుందన్నది సరికాదు. ఎరుక కలలో పది అంకెలు లెక్కపెట్టించి చూసినప్పుడు, పట్టిన సమయం మెలకువలో పట్టేదానికి దగ్గరగానే ఉంది.

అపోహ: ఇదంతా యోగులకు దక్కే సిద్ధి, లేదా ఉత్త కల్పన.

‘అక్కడ రథాలు లేవు, వాటికి కట్టే గుర్రాలు లేవు, దారులు లేవు, వాటిని తానే సృష్టించుకుంటాడు’ అని స్వప్నావస్థ గురించి బృహదారణ్యకోపనిషత్తు చెప్పిన మాటను నేను ఎంతో గౌరవంతో చదువుతాను. కలలో ఎరుక ఉండగలదని ప్రయోగశాలలో రుజువు చేసింది మాత్రం 1975లో. ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్, అలన్ వర్స్‌లీ అనే వ్యక్తిని నిద్రపుచ్చి, కలలోనుంచి ముందే అనుకున్న విధంగా కళ్లను ఎడమకు కుడికి కదిపే సంకేతాన్ని నమోదు చేశారు. కలలు దట్టంగా వచ్చే ఆర్‌ఈఎం నిద్రలో శరీర కండరాలు చచ్చుబడినట్టు ఉన్నా కళ్లు కదులుతాయి కాబట్టి ఇది సాధ్యమైంది. 2021లో అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 36 మందితో చేసిన ప్రయోగాల్లో, కలలో ఉన్న ఒకరు ‘ఎనిమిదిలోంచి ఆరు పోతే ఎంత’ అన్న ప్రశ్నకు కళ్లతోనే రెండు అని జవాబిచ్చారు. ఇక ఎంతమందికి వస్తాయంటే, 2016లో అంతకుముందరి అర్ధశతాబ్దపు అధ్యయనాలను కలిపి చూసినప్పుడు దాదాపు 55 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇలాంటి కల వచ్చినట్టు తేలింది.

అపోహ: కలలో చిక్కుకుపోతే తిరిగి రాలేము.

ఆర్‌ఈఎం దశ దానంతటదే ముగుస్తుంది, కలా దానితోపాటే పోతుంది. కొందరిని నిజంగా భయపెట్టేది నిద్రాపక్షవాతం: మెలకువ వచ్చినా కండరాల బిగువు ఇంకా తిరిగిరాక, గుండెల మీద దయ్యం కూర్చున్నట్టు అనిపించడం. కొద్ది సెకన్లో నిమిషాలో ఉండి అదే పోతుంది. కదలడానికి పెనుగులాడకుండా ఊపిరి మీద మనసు పెట్టి, ఒక్క కాలివేలిని కదపడానికి ప్రయత్నించమంటాను.

అపోహ: రోజూ తెల్లవారుజామున అలారం పెట్టుకుని లేస్తే, లేదా మాత్ర వేసుకుంటే, పట్టు తొందరగా వస్తుంది.

ఐదారు గంటలు నిద్రపోయి, లేచి, కొంతసేపటి తరువాత మళ్లీ పడుకోవడం మంచి పద్ధతే. ఆర్‌ఈఎం దశలు తెల్లవారుజామునే దీర్ఘంగా ఉంటాయి. పడుకునేటప్పుడు అంతకుముందరి కలను తలచుకుని, ‘ఈసారి కల వస్తే అది కల అని గుర్తుపడతాను’ అని సంకల్పించుకోవాలి. 2017లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయంలో పగటి పరీక్షలతోపాటు ఈ రెండింటినీ కలిపి చేసినవారిలో ఆ వారంలో 17 శాతం ప్రయత్నాలు ఫలించాయి; సంకల్పం తరువాత ఐదు నిమిషాల్లోపు నిద్రపట్టినప్పుడు అది దాదాపు 46 శాతానికి చేరింది. కాబట్టి ఎంతసేపు మేలుకున్నారన్నదాని కంటే ఎంత తేలికగా తిరిగి నిద్రలోకి జారారన్నదే ముఖ్యం. సుప్రభాత వేళకు రోజూ అలారం పెట్టుకుని, ఎనిమిదింటికి బండి నడుపుతూ కునికిపాట్లు పడుతున్నవారిని చూస్తే నాకు ఆందోళన కలుగుతుంది. మరునాడు సెలవు ఉన్న రాత్రి, వారానికి ఒకటి రెండుసార్లకు మించి నేను ఒప్పుకోను.

మతిమరుపు వ్యాధికి ఇచ్చే గాలంటమిన్ ఎరుక కలలను పెంచుతుందని 2018 నాటి ఒక ప్రయోగంలో తేలిన మాట నిజమే. కానీ అది గుండె వేగాన్ని తగ్గించగల మందు; డాక్టరు రాయకుండా ఆన్‌లైన్‌లో తెప్పించుకుని మింగడానికి నేను ఎవరికీ సలహా ఇవ్వను. సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక సమస్య), బైపోలార్ (ఉత్సాహం, కుంగుబాటు విపరీతంగా మారే సమస్య) ఉన్నవారికి, మెలకువలో కూడా ‘ఇది నిజమేనా’ అన్న అనుమానం వేధించేవారికి ఈ సాధన నేర్పను. అలాంటివారికి ఈ పరీక్షలే అనుమానాన్ని పెంచవచ్చు. వారిని ముందుగా సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతాను.