చింతపిక్కలు, శూన్యం, ఎరుక

గవ్వలు దొరకని చోట అష్టాచెమ్మాకి చింతపిక్కలే గతి. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు ఇళ్లలో ఈ పిక్కలు తయారుచేయడం పిల్లలకు కూడా తెలిసిన పని. పిక్కను గరుకు రాయి మీద ఒకవైపు అరగదీస్తే ఆ వైపు తెల్లగా తేలుతుంది, రెండోవైపు గోధుమరంగు అలాగే ఉంటుంది. ఇలాంటి నూరు పిక్కలుంటే భౌతికశాస్త్రంలోని ఒక పెద్ద ప్రశ్నను చాప మీద పరిచి చూడవచ్చు: ఏ పద్ధతీ లేని క్వాంటం ఒడిదుడుకుల (అతి సూక్ష్మ స్థాయిలో ప్రకృతి తనంతట తాను చూపే హెచ్చుతగ్గుల) నుంచి ఎప్పటికైనా ఎరుక పుడుతుందా?

'చైతన్యం' అనకుండా 'ఎరుక' అంటున్నది కావాలనే. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. నొప్పి తెలియడం, ఎరుపు కనిపించడం, నిన్నటి మాట గుర్తుండటం: ఇవన్నీ 'ఎరుక'లో ఇమిడిపోతాయి. 'చైతన్యం' అంటే వెంటనే వేదాంత చర్చ మొదలవుతుంది.

ముందు పిక్కలను పరీక్షించాలి. నూరూ కలిపి పదిసార్లు వేసి, తెల్లవైపు పడినవాటిని లెక్కపెట్టండి. మొత్తం 1,000లో 468 నుంచి 532 మధ్య వస్తే పిక్కలు నిక్కచ్చిగా ఉన్నట్టే. అంతకు బాగా ఎక్కువో తక్కువో అయితే అరుగుదల సమంగా లేదన్నమాట. అప్పుడు గణితజ్ఞుడు ఫాన్ నాయ్‌మన్ 1951లో చెప్పిన చిట్కా వాడాలి. ఒక్కో పిక్కను రెండుసార్లు వేయండి. తెలుపు తర్వాత గోధుమ పడితే 'తెలుపు', గోధుమ తర్వాత తెలుపు పడితే 'గోధుమ' అని రాసుకోండి. రెండుసార్లూ ఒకే రంగు పడితే లెక్కలోకి తీసుకోకుండా మళ్లీ వేయండి. ఎంత వంకర పిక్కకైనా ఈ పద్ధతిలో సమాన అవకాశం వస్తుంది.

ఇప్పుడు నూరూ ఒకేసారి విసిరి, అన్నీ తెల్లగా పడేదాకా ఆగండి. సెకనుకోసారి విసిరినా సగటున 1 పక్కన 30 సున్నాలు పెట్టినన్ని సెకన్లకు పైగా పడుతుంది. మన విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు. అలాంటి వయసులు దాదాపు మూడు లక్షల కోట్లు కావాలి. అదీ నూరు పిక్కలకే. 18 గ్రాముల నీళ్లలో ఉండే అణువులే 6 పక్కన 23 సున్నాలు.

1895లో భౌతికశాస్త్రవేత్త లుడ్విగ్ బోల్ట్‌జ్‌మన్, తన పాత సహాయకుడు షుట్జ్ ఆలోచనగా పేర్కొంటూ, మన కంటికి కనిపించే ప్రపంచమంతా ఒక మహా నిశ్చలతలో తాత్కాలికంగా లేచిన అల కావచ్చని రాశాడు. ఆ మాటలో చిక్కుంది. ఎంత పెద్ద అలైతే అంత అరుదు. ఆ అరుదుదనం ఎంట్రోపీ (చిందరవందరతనపు కొలత) ఎంత తగ్గాలన్నదాన్ని బట్టి ఘాతాల్లో పెరుగుతుంది. కాబట్టి నక్షత్రాలతో సహా ఒక విశ్వం లేవడం కంటే, తప్పుడు జ్ఞాపకాలతో ఒకే ఒక్క మెదడు క్షణంపాటు లేచి అణగడం చాలా సులువు. 2004లో ఆల్‌బ్రెక్ట్, సోర్బో దీనికి 'బోల్ట్‌జ్‌మన్ మెదడు' అని పేరు పెట్టారు. 1998లో విశ్వ విస్తరణ వేగం పుంజుకుంటోందని తేలాక ఇది వట్టి వినోదంగా మిగల్లేదు. అలా అనంతంగా విస్తరించే విశ్వం పూర్తిగా చల్లారదు. కెల్విన్‌లో దశాంశ బిందువు తర్వాత 29 సున్నాలు దాటాక వచ్చే వేడి దానికి మిగులుతుంది. కాలానికి అంతులేకపోతే, ఎంత అరుదైనదైనా ఎప్పుడో ఒకప్పుడు జరగాలి కదా?

శూన్యం నుంచి మెదడును 'అప్పు' తెచ్చుకోవచ్చా అన్నది వేరే ప్రశ్న. శక్తి ఎంత ఎక్కువైతే అంత తక్కువసేపే నిలుస్తుందంటూ అనిశ్చితి సూత్రాన్ని అప్పుగా చెప్పడం పోలిక మాత్రమే, అయినా లెక్క వేసి చూద్దాం. మెదడు బరువు 1.4 కిలోలు. వెలుతురు వేగపు వర్గంతో గుణిస్తే దాదాపు 1,260 కోట్ల కోట్ల జౌల్స్. అంత శక్తిని ఎంతసేపు ఉంచుకోవచ్చు? సెకనులో దశాంశం తర్వాత 51 సున్నాలు పెట్టి 4 వేయాలి. భౌతికశాస్త్రంలో అర్థమున్న అతి చిన్న కాలంగా భావించే ప్లాంక్ కాలానికైనా 43 సున్నాలే. మరోవైపు ఒక్క నాడీ సంకేతం సాగడానికే వెయ్యో వంతు సెకను పడుతుంది. ఈ అప్పుతో ఆలోచన కాదు కదా, ఒక్క అయాను కూడా కదలదు.

శూన్యపు ఒడిదుడుకులు వట్టి ఊహ మాత్రం కావు. 1947లో లాంబ్, రెదర్‌ఫర్డ్ హైడ్రోజన్ శక్తి స్థాయిల్లో కొలిచిన చిన్న తేడాకూ, 1948లో కాసిమిర్ లెక్కగట్టి 1997లో లామొరో స్పష్టంగా కొలిచిన లోహ ఉపరితలాల ఆకర్షణకూ వాటితోనే వివరణ ఇస్తారు. అయితే 'కణాలు పుడుతున్నాయి, పోతున్నాయి' అని బొమ్మ గీసే అలవాటు ఇక్కడ మనల్ని పక్కదారి పట్టిస్తుంది. శూన్యం అత్యల్ప శక్తి స్థితి. ఆ స్థితి కాలంతోపాటు మారదు. కొలిస్తే రకరకాల విలువలు రావచ్చునన్నదే అక్కడి ఒడిదుడుకు. కొలిచేది, గుర్తు మిగిల్చేది ఏదీ లేకపోతే ఏ సంఘటనా జరిగినట్టు కాదు. బాడీ, క్యారొల్, పొలాక్ 2014లో ఇదే వాదంతో, చల్లారి స్థిరపడిన విశ్వంలో బోల్ట్‌జ్‌మన్ మెదళ్లు లేవనే లేవవని చెప్పారు. అందరూ ఒప్పుకోలేదు. నాకు మాత్రం ఇందులో ముఖ్యమైన మాట 'గుర్తు మిగలడం'.

ఎందుకంటే పిక్కల దగ్గరకు తిరిగొచ్చి ఒక్క నియమం మార్చండి: తెల్లగా పడినవాటిని పక్కన పెట్టి, గోధుమగా పడినవాటినే మళ్లీ వేయండి. నూరు యాభై అవుతాయి, తర్వాత ఇరవై అయిదు, పన్నెండు, ఆరు, మూడు... సగటున ఎనిమిది విసుర్లలో నూరూ తెల్లబడతాయి. పిక్కలు అవే, గాలివాటమూ అదే. కొత్తగా చేరిందల్లా గడియ, అంటే తలుపు గడియలా వెనక్కి పోనివ్వని బిగింపు. బరంపురం పట్టు మగ్గం మీద ఒక్కో పేక పోగును కొట్టి బిగించాకే తర్వాతి పోగు వేస్తారు. బిగింపు లేకపోతే ఎన్ని పోగులు వేసినా గుడ్డ కాదు.

విశ్వం మొదట్లో అలాంటి గడియే పడిందని ఇన్‌ఫ్లేషన్ సిద్ధాంతం చెబుతుంది. అతి వేగంగా సాగిన విస్తరణలో క్వాంటం ఒడిదుడుకులు పెద్ద దూరాలకు సాగి, వెనక్కి అణగలేక అలాగే బిగుసుకున్నాయి. విశ్వానికి 3,80,000 ఏళ్ల వయసప్పటి వెలుతురులో లక్షలో ఒక వంతు తేడాలను 1992లో కోబ్ ఉపగ్రహం చూపింది. వాటిని గురుత్వం పెంచి గెలాక్సీలుగా మార్చింది. ఆ తర్వాతి గడియ డీఎన్‌ఏ: పొరపాటుగా మారిన అక్షరం నకలులో నిలిస్తే పరిణామానికి సరుకవుతుంది. ఇన్ని గడియల వెంబడి వచ్చిందే 8,600 కోట్ల నాడీకణాల మెదడు. ఈ అర్థంలో మన ఎరుకకు దూరపు మూలం క్వాంటం ఒడిదుడుకే.

మెదడు లోపలే క్వాంటం పనితనం ఉందన్న వాదమూ ఉంది. భౌతికశాస్త్రవేత్త రోజర్ పెన్‌రోజ్, మత్తు వైద్యుడు స్టూవర్ట్ హామెరాఫ్ నాడీకణాల్లోని 25 నానోమీటర్ల మందపు సూక్ష్మనాళికల్లో క్వాంటం స్థితి కూలినప్పుడల్లా (పలు అవకాశాలు ఒక్కటిగా తేలినప్పుడల్లా) ఎరుక మెరుస్తుందంటారు. 2000లో భౌతికశాస్త్రవేత్త టెగ్‌మార్క్ వేసిన లెక్క ప్రకారం, మెదడు వెచ్చదనంలో అలాంటి స్థితి సెకనులో లక్ష కోట్లో వంతుకు పదో వంతు లోపే చెదిరిపోతుంది. హామెరాఫ్ వర్గం వేరే అంచనాలతో దాన్ని ఎన్నో రెట్లు పెంచి చూపింది. 2020లో ఇటలీలోని గ్రాన్ సాసో భూగర్భ ప్రయోగశాల, గురుత్వం వల్ల స్థితి కూలుతుందన్న వాదపు అతి సరళ రూపాన్ని తోసిపుచ్చింది. వాదం పూర్తిగా ముగియలేదు గానీ, మొగ్గు టెగ్‌మార్క్ వైపే ఉంది.

అంతకంటే గట్టి సాక్ష్యం కంట్లో ఉంది. గోపాలపూర్ ఒడ్డున వెన్నెల లేని రాత్రి సముద్రం వైపు చూసే కంట్లో ఒక్కో దండకణం (మసక వెలుతురును పట్టే కణం) ఒక్క ఫోటాన్‌కు, అంటే ఒక్క వెలుతురు రేణువుకు కూడా స్పందించగలదు. కానీ ఆ కణంలో వెలుతురును పట్టే రొడాప్సిన్ వేడికి కూడా తనంతట తాను తుళ్లిపడుతుంది. కోతి కంట్లో కొలిస్తే ఒక్కో కణంలో సుమారు 160 సెకన్లకోసారి. కంట్లో దండకణాలు సుమారు పది కోట్లు. ప్రతి తుళ్లింపూ మనసుదాకా వస్తే చీకటంతా మిణుగురులే కనిపించాలి. అలా జరగకుండా, కొన్ని కణాలు దగ్గర దగ్గరగా, దాదాపు ఒకేసారి స్పందించినప్పుడే కన్ను సంకేతాన్ని నమ్ముతుంది. 1942 నాటి ప్రయోగంలో మనిషికి మెరుపు కనిపించడానికి 5 నుంచి 14 ఫోటాన్లు కావలసి వచ్చాయి. ఎరుక ఒడిదుడుకును వడగట్టుకుంటూ బతుకుతోంది.

పిక్కలతో ఆఖరి ఆట ఒకటుంది. గడియ వదులు చేయండి: ప్రతి విసురుకు ముందు పక్కన పెట్టిన తెల్ల పిక్కల్లో పదింటికొకటి చొప్పున ఏరి గుప్పిట్లో వేసుకోండి. మొదట గబగబా పెరిగే లెక్క 91 దగ్గరకు వచ్చి అక్కడే ఊగిసలాడుతుంది, పొద్దుపోయేదాకా ఆడినా నూరు కావడం దాదాపు జరగదు. మెదడులో జ్ఞాపకాన్ని పట్టుకునే ప్రోటీన్లు కూడా ఇలాగే రోజుల్లోనో, వారాల్లోనో జారిపోతుంటాయి, వాటి చోట కొత్తవి చేరుతుంటాయి. గడియ బిగించి ఉంచడానికి ఖర్చూ అవుతుంది: నాడీకణపు పొరలో ప్రతి పంపూ శక్తినిచ్చే ఒక్కో ఏటీపీ అణువు ఖర్చుకు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. శరీరపు బరువులో రెండు శాతమే ఉన్న మెదడు, విశ్రాంతిలో శరీరం ఖర్చు చేసే శక్తిలో అయిదో వంతు, సుమారు 20 వాట్లు, తీసుకుంటుంది. అందులో పెద్ద వాటా ఈ పంపులకే పోతుంది.