పిల్లలతో పురానీ హవేలీకి: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ పాతబస్తీ హవేలీల్లో కుటుంబాలకు ఉచితంగా హెరిటేజ్ వాక్‌లు చేయిస్తుంటాను. ఒకప్పటి నిజాంల ప్యాలెస్, ఇప్పటి మ్యూజియం పురానీ హవేలీ గేటు దగ్గర తరచూ వినిపించే మాటలు ఇవి.

అపోహ: నిజాం నగలన్నీ ఇక్కడే ఉన్నాయి.

"అన్నా, నగలు ఏ రూములో?" అని అడగని వారం లేదు. వాటిలో 173 నగలను భారత ప్రభుత్వం 1995లో 218 కోట్లకు కొనేసింది. అవి రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉన్నాయి. ఇక్కడున్నవి ఎక్కువగా 1937లో ఏడో నిజాం రజతోత్సవాలకు వచ్చిన కానుకలు. వాటిలోని బంగారు టిఫిన్ డబ్బాను 2018లో దొంగలు ఎత్తుకెళ్లారు, కొద్ది రోజుల్లోనే దొరికారు. ఒకడు ఆ డబ్బాలోనే అన్నం తిన్నాడని పోలీసులు చెప్పారు! ఈ ముక్క విన్నాక పిల్లలు ఇంకేదీ వినరు, అందుకే చివరికి దాచుకుంటాను.

అపోహ: పిల్లలకు బోర్ కొడుతుంది.

బోర్డులన్నీ చదివిస్తే ఎవరికైనా కొడుతుంది. ఇది మ్యూజియం కాకముందు ఇల్లు. ఏడో నిజాం 1886లో పుట్టింది ఇక్కడే. ఆయన తండ్రి మహబూబ్ అలీ పాషా వార్డ్‌రోబ్ చూడండి: పొడవాటి హాలు, రెండంతస్తుల చెక్క బీరువాలు, పైకెక్కడానికి చేత్తో నడిపే లిఫ్టు. ఈ చివర నుంచి ఆ చివరకు ఎన్ని అడుగులో లెక్కపెట్టమంటాను. ఒక్కొక్కరికి ఒక్కో లెక్క వస్తుంది, ఇక కొట్లాట. అది సద్దుమణిగాక అడుగుతాను: ఇన్ని బట్టలు ఎవరు ఉతికేవారు? ఎక్కడ ఆరేసేవారు? ఏ జత ఎక్కడుందో ఎవరికి గుర్తుండేది? జవాబులు పిల్లల కంటే అమ్మమ్మలే బాగా చెబుతారు. వేసిన జత మళ్లీ వేయలేదన్న కథ మాత్రం వినికిడిగానే చెబుతాను.

అపోహ: సాలార్‌జంగ్ మ్యూజియం సాలార్‌జంగ్ ఇల్లే.

నిజాం దివాన్‌గా (ప్రధానిగా) పనిచేసిన సాలార్‌జంగ్ ఇల్లు దివాన్ దేవిడి. 1951లో మ్యూజియం మొదలైంది అక్కడే, ఇప్పుడున్న భవనానికి 1968లో మారింది. దేవిడీకి ఇప్పుడు మిగిలినవి బజారు మధ్య ద్వారాలే.

అపోహ: టూర్ ఉచితమైతే టికెట్ కూడా ఉండదు.

నా మాటలే ఉచితం, టికెట్ మీరు కొనుక్కోవాలి. గోల్కొండ, చార్మినార్‌లలో 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. ట్రస్టులు నడిపే పురానీ హవేలీ, చౌమహల్లా లాంటి ప్యాలెస్‌లకు ఆ లెక్క వర్తించదు.

అపోహ: సెలవు సోమవారం.

శుక్రవారం. పురానీ హవేలీ, చౌమహల్లా, సాలార్‌జంగ్ మూడింటికీ అంతే.