రెండు స్టేషన్ల మధ్య రంగు ఎక్కడిది?

గాలి కాలుష్యం మ్యాపులో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతూ కనిపిస్తాయి. అంగుళం వదలకుండా కొలిచారేమో అనిపిస్తుంది. కొలిచింది మాత్రం స్టేషన్లున్న కొన్ని చుక్కల దగ్గరే. మిగతాదంతా లెక్కగట్టి నింపిన అంచనా. ఈ నింపడాన్నే ఇంటర్‌పొలేషన్ అంటారు. తమాషా ఏమిటంటే, దీనికి వాడే పాత పద్ధతులు కాలుష్యం కోసం పుట్టినవి కావు.

మొదట వాన లెక్కలు. 1911లో అమెరికా వాతావరణ నిపుణుడు థీసెన్, ఏ చోటుకైనా దగ్గర్లోని వానమాపకం లెక్కే వర్తింపజేశాడు. దాంతో మ్యాపు ముక్కలు ముక్కలుగా వచ్చేది, గీత దాటగానే అంకె ఠక్కున మారిపోయేది. 1968లో హార్వర్డ్ విద్యార్థి డొనాల్డ్ షెపర్డ్ మరో దారి చూపాడు: చుట్టుపక్కల చుక్కలన్నీ కలుపుకోవాలి, దూరం పెరిగేకొద్దీ వాటి బరువు, అంటే లెక్కలో వాటికిచ్చే ప్రాధాన్యం, తగ్గించాలి. ఒక కిలోమీటరు దూరంలోని స్టేషన్లో కాలుష్యం 100, రెండు కిలోమీటర్ల దూరంలోని స్టేషన్లో 40 ఉన్నాయనుకోండి. ఒకటిని దూరం వర్గంతో భాగిస్తే బరువులు 1, పావు. జవాబు 88. బాగానే ఉంది కానీ, ఈ లెక్క ఎన్నటికీ 100 దాటదు. మధ్యలో పొగగొట్టం ఉండి అక్కడ 200 ఉన్నా మ్యాపుకు తెలియదు.

ఈలోగా దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో ఇంకో కథ నడిచింది. నమూనాల్లో బంగారం బాగా కనిపించిన చోట తవ్వితే అనుకున్నంత బంగారం దొరికేది కాదు. డానీ క్రిగే అనే గని ఇంజనీరు 1951లో దీనికి గణాంకాల దారి పట్టాడు. 1960లలో ఫ్రాన్స్‌కు చెందిన జార్జ్ మాథెరాన్ దాన్ని సిద్ధాంతంగా మలిచి, క్రిగే పేరు మీదే క్రిగింగ్ అన్నాడు. దూరం పెరిగేకొద్దీ రెండు చోట్ల అంకెల మధ్య పోలిక ఎలా తగ్గుతుందో ఇది డేటా నుంచే నేర్చుకుంటుంది. అంచనాతో పాటు ఎంత పొరపాటు ఉండొచ్చో కూడా చెబుతుంది. అంటే పొరపాటుకూ ఒక మ్యాపు వస్తుంది; నా దృష్టిలో అసలు విలువ ఆ రెండో మ్యాపుదే. జనానికి చూపించేటప్పుడు మాత్రం తరచూ దాన్నే పక్కన పెట్టేస్తారు.

1986లో చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం తర్వాత, వాన పడిన చోటల్లా సీజియం అనే రేడియోధార్మిక పదార్థం మచ్చలు మచ్చలుగా నేలకు దిగింది. అలాంటప్పుడు ఈ పద్ధతులు ఎంతవరకు నిలుస్తాయో చూడటానికి 2004లో యూరప్‌లో ఒక పోటీ పెట్టారు: జర్మనీలో 200 చోట్ల కొలిచిన రేడియేషన్ ఇచ్చి, మరో 808 చోట్ల ఎంతుందో చెప్పమన్నారు. మామూలు రోజు లెక్క సాఫీగానే సాగింది. ప్రమాదం జరిగినట్టు కల్పించిన డేటా ఇచ్చేసరికి చాలా పద్ధతులు తడబడ్డాయి.

నగరాల గాలికి దూరం ఒక్కటే చాలదని అప్పటికే తేలింది. 1990లలో ఆమ్‌స్టర్‌డామ్, హడర్స్‌ఫీల్డ్, ప్రాగ్‌లలో రోడ్లు, ట్రాఫిక్, భూ వినియోగం కూడా లెక్కలో చేర్చి చూశారు.